పన్నెండు అడుగులు

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు వేసి, మధ్యాహ్నానికి పప్పు కడిగి కుక్కర్లో పెట్టి, మైకుల సంచి భుజానికి తగిలించుకున్నాను. మా అత్తయ్య సరోజమ్మ మంచం మీద నుంచే నిట్టూర్చింది. "ఆదివారం కూడా వాడికి విశ్రాంతి లేదు, పాపం."

వాడంటే మా ఆయన జేవియర్. సినిమాలకి శబ్దాలు కలుపుతాడు. తెర మీద తలుపు మూసుకున్నా, గ్లాసు పగిలినా ఆ చప్పుడు ఫిల్మ్‌నగర్‌లోని అతని చిన్న స్టూడియోలో పుట్టాల్సిందే. ఏడేళ్ళ క్రితం అడుగుల చప్పుడు చేసే మనిషి రాలేదని, "ఒక్క గంట రా తబితా" అని పిలిచాడు. ఆ గంట ఇంకా అవలేదు. పగలు వెంగళరావు నగర్‌లో స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పి, సాయంత్రం స్టూడియోలో ట్రేలో పోసిన ఇసుక మీద, ఎండుటాకుల మీద నడుస్తాను. ఎంతమంది హీరోయిన్లు నా కాళ్ళతో నడిచారో నాకే గుర్తు లేదు. పేర్లు పడేటప్పుడు మాత్రం జేవియర్ పేరొక్కటే. ఒకసారి అడిగితే నవ్వాడు. "అడుగులకి కూడా పేరేంటే? ఇంటి మనిషివి కదా!" యూసుఫ్‌గూడకి తిరిగొచ్చి అందరికీ చపాతీలు ఒత్తేది కూడా ఆ ఇంటి మనిషే.

ఈసారి డైరెక్టర్‌కి ట్రేలో ఆకులు నచ్చలేదు. హీరోయిన్ వాగు పక్కన ఒంటరిగా నడిచే సీనుకి నిజమైన అడవే కావాలన్నాడు. అందుకే జూబ్లీహిల్స్‌లో, స్టూడియోకి దగ్గరలోనే ఉన్న అడవి పార్కుకి వచ్చాం. వారం రోజుల వానలకి వాగు నిండుగా పారుతోంది. దాని ఒడ్డునే వేపచెట్ల కింద నుంచి మట్టిబాట పైకి పోయి, బండల వెనక మలుపు తిరిగింది. ఏడేళ్ళుగా ఈ గేటు ముందు నుంచే ఆటోలో పోతూ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. ఆ బాట చివరిదాకా పోవాలనిపించింది.

"ఈ రాయి నుంచి ఆ చెట్టు దాకా. పన్నెండడుగులు. అంతే," అన్నాడు జేవియర్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ.

నడిచాను.

"బరువుగా పడుతోంది. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు తబితా. నీలా కాదు."

మళ్ళీ నడిచాను. నెమలి అరిచిందని మళ్ళీ. ఎవరిదో ఫోను మోగిందని మళ్ళీ. "ఊపిరి వినపడుతోంది, ఆపుకో." ముప్పైసార్లయినా తిరిగుంటాను. చెప్పు ఒరుసుకుని మడమ మండుతోంది. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను చూసి ఆగింది.

"ఏందమ్మా, గీడనే తిరుగుతున్నవ్? జర ముందుకు పో, మస్తుగుంటది."

"రికార్డింగ్ అండీ," జేవియర్ అందుకున్నాడు. "నేను సౌండ్ డిజైనర్‌ని. మా ఆవిడ ఊరికే తోడొచ్చింది."

ఊరికే. అరిగిపోయిన నా చెప్పులు, చలికాలంలో నీళ్ళ టబ్బులో నిలబడి తెచ్చుకున్న జ్వరాలు, దిద్దడానికి టైము లేక స్టూడియో మెట్ల మీద ముందేసుకున్న పరీక్ష పేపర్లు, అన్నీ ఊరికే.

ఆవిడ వెళ్ళాక "రెడీ?" అన్నాడు. రాయి దగ్గర మొదలుపెట్టాను. పది, పదకొండు, పన్నెండు. చెట్టు దగ్గర నా కాళ్ళు ఆగలేదు. పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. అలిగాననుకున్నాడో, భయపడ్డాడో. వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. మలుపు దాటాక వాగు చప్పుడు పెద్దదైంది. చెప్పులు చేత్తో పట్టుకున్నాను. బరువుగానే నడిచాను, ఊపిరి ఆపుకోకుండా, ఆయాసపడుతూ, నలభై ఒక్కేళ్ళ నా నడక ఎలా ఉంటే అలా. బాట చివర బండల మీద నుంచి నీళ్ళు దూకుతున్నాయి. మంట పుడుతున్న కాళ్ళు అందులో పెట్టి ఏడ్చాను. ఏడుపు ఆగాక కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి జేవియర్ ముఖం వెలిగిపోతోంది. నేను కనపడ్డందుకే అనుకుని ఒక్క క్షణం మెత్తబడ్డాను కూడా.

"ఎక్కడికెళ్ళావే? సర్లే, ముందిది విను!" హెడ్‌ఫోన్స్ నా చెవులకి తగిలించాడు. నా అడుగులు. బరువుగా, గట్టిగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరమవుతున్నాయి. ఆ తర్వాత వాగు ఒక్కటే.

"అబ్బ, ఏం టేకు! పిలిస్తే పాడైపోతుందని నోరు మూసుకుని కూర్చున్నా. కోపంగా వెళ్ళిపోతున్నట్టు ఎంత బాగా చేశావు!"

"చెయ్యలేదండీ. వెళ్ళిపోయాను."

అతను వైర్లు చుట్టుకుంటున్నాడు. వినలేదు. నేను రికార్డరు మూత తెరిచి, మెమరీ కార్డు లాగి, నా పర్సులో వేసుకున్నాను.

"ఏయ్, ఏంటది? మధ్యాహ్నం మిక్సింగ్ ఉంది!"

"తెర మీద తబిత అని పడితే ఇస్తాను. లేదంటే ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయినే పిలిపించి నడిపించుకోండి."

పర్సు జిప్పు వేసి గేటు వైపు నడిచాను. ఈసారి పిలిచాడు.