పసుపేసిన మెదడు

మా ఇంటి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నెకూ కొత్తిమీర కట్టకూ మధ్య ఒక మెదడు ఉండేది. ఆవగింజలు నాలుగైదు దారానికి గుచ్చి ఉంగరంలా చుట్టినట్టుండే మెదడు. గుల్ల లేని సముద్రపు నత్తది. మా పేట కంఠేశ్వర్‌లో ఎవరి ఫ్రిజ్ తెరిచినా ఇలాంటిది ఒకటి ఉంటుందనే నేను అనుకునేవాణ్ణి.

దాన్ని పెట్టింది మా అక్క కావ్య. బోధన్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడు. వాళ్ల ల్యాబ్ ఫ్రిజ్ సరిగ్గా అప్పుడే చల్లబరచడం మానేసింది. వాళ్ల శైలజ మేడం రత్నగిరి తీరం నుంచి డబ్బాల్లో ఉప్పునీళ్లు పోసి తెచ్చిన నత్తల్లో, రైలు మన్మాడ్ దాటేసరికి ఒక్కటే బతికి ఉంది. మిగతావి మన్మాడ్ ప్లాట్‌ఫాం చూసి ప్రాణం విడిచాయని నా అంచనా.

ఆ నత్త పాదం కుడివైపు నుంచి మెదడుకు పోయే నరం ఒకటుంది. దాని కణం మెదడులో కుడివైపే ఉంటుందని మేడం అంటుంది. కాదు, నరం ఎడమవైపుకు దాటుతుందని అక్క పట్టుబట్టింది. తేల్చడానికి ఉన్నది ఒక్క మెదడు. ఇది చెడితే మళ్లీ నత్తలు వచ్చేది వానాకాలం పోయాకే. అప్పటికి అక్క చదువే అయిపోతుంది.

"గదెట్ల తెలుస్తది అక్కా?" అని అడిగాను.

"నరం తెగిన కొసను ఎర్ర రంగుల ముంచిన. నరం లోపల సామాన్లు మోసే బండ్లుంటయి. అవే రంగును కణం దాకా గుంజుకపోతయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బంద్ అయినంక చెరుకు ఎటు పోతున్నదో నువ్వెట్ల తెలుసుకుంటవ్?"

"ట్రాక్టర్ ఎనక పోత."

"గంతే. ట్రాలీకి ఎర్ర గుడ్డ కట్టి ఎనక పోవుడే."

నరంలో స్పీడ్ బ్రేకర్లు కూడా ఉంటాయా అన్నాను. అక్క గిన్నె మీద మూత పెట్టి, "దీన్ని ముట్టినవంటే నీ నరం కోస్త" అంది.

రెండు రోజుల తర్వాత ఆ గిన్నెను ఐసుముక్కల మధ్య పెట్టుకుని అక్క నా స్కూటర్ ఎక్కింది. దారంతా మా ముందు చెరుకు ట్రాక్టరే. బోధన్ చేరేసరికి నాకు గడ్డం పెరిగింది.

ల్యాబ్‌లో మూత తీస్తే నీళ్లు పసుపు రంగులో ఉన్నాయి. అక్క నీళ్లను చూడలేదు, నన్ను చూసింది. మేడం కూడా నన్నే చూసింది. గోడ మీది బల్లి కూడా.

"ఒట్టు, నేను కాదు!"

"నువ్వు గాకపోతే ఇంకెవడు రా?" అంది అక్క. ఏడుస్తుందనుకుని నేనే ఇంటికి ఫోన్ కలిపాను. మా నాయనమ్మ సాయవ్వ ఎత్తింది.

"అవ్వా, ఫ్రిజ్‌ల చిన్న గిన్నెల ఏమన్న ఏసినవా?"

"ఏసిన బిడ్డా. మీ అక్క పచ్చి మాంసం గట్లనే పెట్టె. నాలిక మీద సుక్క ఏసుకొని సూసిన. ఉప్పున్నది, పసుపు లేదు. పసుపు ఎయ్యకుంటే వాసన రాదా? చిటికెడే ఏసిన. గని గింత మాంసం ఎవలకు సరిపోతదిరా?"

పసుపు ఉప్పు పట్టించని మాంసం మా ఫ్రిజ్‌లో ఒక్క రాత్రి కూడా ఉండదు. ఆ సంగతి అక్కే మర్చిపోయింది.

అక్క మెదడును కొత్త ఉప్పునీళ్లతో కడిగి మైక్రోస్కోప్ కింద పెట్టింది. మేడం నీలి లైటు వేసింది. నేనూ తొంగిచూశాను. జిల్లా కరెంటంతా అక్కడే కాలుతున్నట్టు మెదడు మొత్తం ఆకుపచ్చగా వెలుగుతోంది.

"పసుపు నీలి లైటుకు గిట్లనే మెరుస్తది. ఇంక దీంట్ల ఏం కనిపిస్తది కావ్యా?" అంది మేడం.

"మరి ఎర్ర రంగుకు ఏ లైటు మేడం?" అన్నాను.

మేడం జవాబు చెప్పేలోపే అక్క లైటు మార్చింది. పసుపు మెరుపంతా పోయి చీకటి. ఆ చీకట్లో బీడీకి చుట్టే దారమంత సన్నగా ఒక ఎర్ర గీత. కుడివైపు నుంచి మెదడులోకి ఎక్కి, రెండు సగాలను కలిపే వంతెన మీదికి వచ్చి, నడుమ ఆగిపోయింది.

"ఆగిందా, నడుస్తుందా?" మేడం కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నడుస్తున్నది మేడం. సల్లగ ఉంటే నిదానంగ పోతది."

"ట్రాఫిక్ జామేమో" అన్నాను. నా కాలు తొక్కింది ఎవరో తెలియలేదు. ఇద్దరూ అయ్యుండొచ్చు.

మెదడు మళ్లీ మా ఫ్రిజ్‌లోకి వెళ్లింది. ఈసారి అవ్వ తను బీడీలు చుట్టే చాట తెచ్చుకుని ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"అవ్వా, పెరుగు."

"పెరుగు లేదు ఏం లేదు. లోపల బండి పోతున్నదట. తలుపు తీస్తే సల్లదనం పోతది. పచ్చిపులుసు పోసుకొని తిను పో."

తెల్లారి ల్యాబ్‌లో అక్క చాలాసేపు మైక్రోస్కోప్ నుంచి కళ్లు తీయలేదు. తర్వాత మేడంకు చోటిచ్చింది. గీత వంతెన దాటింది. ఎడమవైపు, కొసన, గుండ్రంగా ఒక ఎర్ర చుక్క.

"ఒక్కదాన్ని చూసి ఏం చెప్పలేం" అంది మేడం. మళ్లీ చూసింది. నీలి లైటు వేసింది, తీసింది, వేసింది. "కానీ పసుపుతోని మెదడంతా ఊరు లెక్క కనవడ్తున్నది, ఎర్రదాంతోని బాట కనవడ్తున్నది. వానలు పోయినంక నత్తలు తెప్పిస్త. చదువు అయిపోయినా నువ్వే వచ్చి చెయ్యాలె. సగం వాటికి పసుపేసి, సగం వాటికి ఎయ్యక. ఇంతకు ఎంత ఏసిండ్రు?"

అందుకని అవ్వను స్కూటర్ మీద బోధన్ తీసుకొచ్చాను. వెంట్రుకను కూడా తూచే కాంటా మీద ఆమె చిటికెడు పసుపు వేసింది. మళ్లీ వేయమన్నారు. ప్రతిసారీ వేరే అంకె. అవ్వ కాంటా వైపు జాలిగా చూసి, "దీనికి సూపు తగ్గింది" అంది.

తర్వాత అక్క ఆమెను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసుకోవడం రాక, అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవలు సుట్టిండ్రే గింత సన్నగ? దారం మంచిగున్నది. ముడి ఏడ?"

"ఎడమ దిక్కు సూడు అవ్వా. ఎర్రగ, గుండ్రంగ."

అవ్వ చూసింది. "ఇంకో ఎర్ర సుక్కున్నది కదనే, గా పక్కన. సన్నది."

అక్క అవ్వను దాదాపు కుర్చీలోంచి తోసేసింది.