మూడో లీటరు

తోడల్లుళ్ళిద్దరికీ కలిపి ఒకే కారు ఉండటం ఒక వింత. అది ఇద్దరే పట్టే, నేలకి జానెడు ఎత్తులో పాకుతున్నట్టు పోయే, స్టార్టు చేస్తే వీధంతా కిటికీలు తెరిచి చూసే స్పోర్ట్స్ కారు కావడం ఇంకో వింత. దానికి ఇంట్లోనే, తమ చేతుల్తోనే ఆయిలు మార్చాలని వాళ్ళిద్దరూ కంకణం కట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద వింత. ఎందుకంటారా? చెబుతాను.

పెద్దల్లుడు పళ్ళ డాక్టరు. చిన్నల్లుడిది బేకరీ. సగం కథ మీకు ఇక్కడే అర్థమైపోయి ఉంటుంది. చిన్నల్లుడు పెళ్ళయిన కొత్తలో, ఇంటినిండా చుట్టాలున్న రోజున, తన చేత్తో చేసిన కేకు తెచ్చి ముచ్చటగా టేబులు మీద పెట్టాడు. డాక్టరు ఓ ముక్క నోట్లో వేసుకుని, ఇలాంటివి చేసేవాళ్ళు ఉండబట్టే నా క్లినిక్కు కళకళలాడుతోంది అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. బేకరీవాడు నవ్వలేదు. అంతే, ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పక్కపక్కన భోజనానికి కూర్చుని కూడా, ఉప్పు ఇటివ్వమని మీ ఆయనతో చెప్పు అంటూ పెళ్ళాల చేత రాయబారాలు నడిపారు. అక్కచెల్లెళ్ళకి విసుగొచ్చి, చివరికి ఉప్పుడబ్బాలే రెండు పెట్టేశారు.

అలాంటివాళ్ళు ఒకనాడు పాత కార్ల షోరూములో, ఒకే ఎర్ర కారుకి చెరో పక్కన నిలబడి, చెరో అద్దంలోంచి లోపలికి తొంగిచూస్తూ ఎదురెదురుగా దొరికిపోయారు. అది ఒక్కడి వల్ల అయ్యే బేరం కాదు. ఇద్దరికీ కారు పిచ్చి మాత్రం సమానంగా ఉంది. మాట్లాడక తప్పక, చచ్చినట్టు మాట్లాడుకున్నారు.

కారైతే వచ్చింది, పెట్టడానికి ఇద్దరిళ్ళల్లోనూ చోటు లేదు. అత్తగారు తన ఇంటి కింద గరాజులో ఉన్న పాత కుట్టుమిషనూ, ట్రంకుపెట్టెలూ పైకి ఎక్కించి చోటిచ్చింది. ఇస్తూ ఒకే ఒక్క షరతు పెట్టింది. "మీరిద్దరూ నా గరాజులో గొంతు లేపినట్టు వినబడిందా, ఆ పూటే కారు బయటికి పోతుంది. మళ్ళీ లోపలికి రాదు." ఆవిడ మాటంటే మాటే. కారు పోతే తోడల్లుళ్ళు మళ్ళీ రెండు ఉప్పుడబ్బాల కాలానికి పోతారు. ఆ సంగతి తల్చుకుంటేనే బేకరీవాడికి దిగులేసేది. నిజం చెప్పొద్దూ, రొట్టెలు బట్టీలోంచి దించాక సాయంత్రాలు ఆ గరాజుకి పోయి, డాక్టరుతో కలిసి కారు తుడవడమంత సుఖం అతనికి ఇంకెక్కడా లేదు. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు, డాక్టరుకి అసలే చెప్పలేదు.

ఆ షరతు పుణ్యమా అని ఇద్దరికీ మర్యాద మహా ముదిరిపోయింది. ఆయిలు మార్చిన రోజు చూడాలి ఆ వైభోగం. కారు అడుగున జాకీ దూరదు. ఏటవాలు ఇనప ర్యాంపులు పెట్టి, వెనక్కి నడిపి ఎక్కించారు, ఈ కారుకి ఇంజను వెనకుంటుంది కదా. కింద దూరడానికి ముందు మీరు, అబ్బే ముందు మీరు అని పాపం చాలాసేపు వంగి నిలబడ్డారు. అడుగున ఉన్న రేకుకి బొత్తాల వరసలా మరలు. అవన్నీ ఊడదీసి, డ్రెయిన్ బోల్టు విప్పేసరికి, బేకరీవాడు పట్టుకున్న తొట్టి కాస్త పక్కకి జరిగింది. గోరువెచ్చటి నల్లటి ఆయిలు డాక్టరు చేతి మీదుగా మోచేయి దాటి చొక్కాలోకి పోయింది. డాక్టరు పళ్ళు బిగబట్టి, ఏం ఫరవాలేదు తమ్ముడూ, హాయిగా ఉంది అన్నాడు.

ఈ కారుకి ఆయిలు ఇంజను పొట్టలో ఉండదు, పక్కన వేరే ట్యాంకు ఉంటుంది. అందుకని దానికో బోల్టు, దీనికో బోల్టు. రెండూ డాక్టరే బిగించాడు. ఫిల్టరు బేకరీవాడు మార్చాడు. కొత్త ఆయిలు, కారుతో వచ్చిన పుస్తకంలో రాసినట్టే ఎనిమిది లీటర్లు పోశారు. డబ్బాలో ఇంకో రెండు లీటర్లు మిగిలింది. స్టార్టు చేసి, ఆయిలు కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిలు సరిగ్గా పై గీత దగ్గరుంది. ఆదివారం అత్తగారిని మొదటిసారి షికారు తిప్పుతామని మాటిచ్చి, చేతులు కడుక్కుని ఇళ్ళకి పోయారు.

పోయినవాడు ఊరుకోవచ్చు కదా. బేకరీవాడికి బట్టీ తలుపు తీసి తీసి చూసే అలవాటు ఒకటి ఏడిచింది. మర్నాడు సాయంత్రం ఒక్కడే గరాజుకి వచ్చి డిప్‌స్టిక్ లాగాడు. పొడిగా ఉంది. గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచాడు, మళ్ళీ పొడే. కారు కింద టార్చి వేసి చూశాడు, ఒక్క చుక్క కూడా కారలేదు. మరి ఆయిలు ఏమైనట్టు? కొలిచి పోసింది డాక్టరు. తక్కువ పోసి ఉండాలి. ఆ మాట ఆయనతో అంటే? అన్నట్టే ఉంటుంది తప్పు మీదేనని. ఆయనో మాట అంటాడు, తనో మాట అంటాడు, పైనుంచి అత్తగారు వింటుంది. కారు పాయె, సాయంత్రాలూ పాయె. అటూ ఇటూ చూసి, మిగిలిన డబ్బాలోంచి ఒక లీటరు నోరు మెదపకుండా పోసేశాడు. డాక్టరు పరువు కాపాడానన్న తృప్తితో ఈలవేసుకుంటూ ఇంటికి పోయాడు.

ఆదివారం అత్తగారు నీలంచీర కట్టుకుని దిగింది. ఆ కారులో కూర్చోవడమంటే మాటలు కాదు. ముందు కాలా, తలా, నడుమా అని నానా తంటాలు పడి, అల్లుళ్ళు చెరో చెయ్యీ పట్టుకుంటే, చచ్చీ చెడీ సీట్లో పడింది. ఇంక నన్ను లేవమనకండి అని ముందే చెప్పేసింది. డాక్టరు స్టార్టు చేశాడు. ఇంజను గర్జించింది, కాస్త వేడెక్కింది. ఉన్నట్టుండి వెనక గొట్టాల్లోంచి నీలంగా పొగ లేచింది. పొగంటే మామూలు పొగ కాదు, గరాజులో మనిషికి మనిషి కనబడలేదు. ఇంజను ఆపి, తలుపులు బార్లా తీసి, ఇద్దరూ దగ్గుకుంటూ నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆయిలు ఎక్కువైతేనే అలా నీలం పొగ వస్తుంది. బేకరీవాడికి తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నోరు మూసుకుంటే ఆ తప్పు డాక్టరు నెత్తి మీద పడుతుంది. చెబితే ఈయనేమంటాడో.

"అన్నయ్యగారూ, నేనే. పుల్ల పొడిగా కనబడితే ఓ లీటరు ఎక్కువ పోశాను. మీతో చెప్పలేదు."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనూ ఓ లీటరు పోశాను తమ్ముడూ. నిన్న పొద్దున. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

డాక్టరు పుస్తకం తెచ్చి, మొన్న ఎవరికి వారు అవతలివాడు చదివే ఉంటాడనుకుని వదిలేసిన పేజీ తీశాడు. ఇంజను చల్లబడితే ఆయిలు ట్యాంకులోంచి మెల్లగా ఇంజను అడుక్కి జారిపోతుందట. అందుకని బాగా వేడెక్కాక, ఇంజను నడుస్తూండగానే కొలవాలట. చల్లటి కారులో పుల్ల పొడిగా ఉండటం సహజమట. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు.

ఇక పనిలో దిగారు. అత్తగారు దిగనంది కాబట్టి కారుని ర్యాంపు ఎక్కించే మాట లేదు. డాక్టరు క్లినిక్కు నుంచి పెద్ద సిరంజీ, సన్న గొట్టం తెచ్చాడు. ట్యాంకు మూత తీసి, అలవాటు కొద్దీ, పెద్దగా తెరువమ్మా అన్నాడు. బేకరీవాడు తన తక్కెడ తెచ్చి గిన్నె పెట్టాడు. లీటరు తూకమెంతో కొత్త డబ్బా మీదే రాసి ఉంది. రెండు లీటర్ల బరువు తూగేదాకా లాగారు. మళ్ళీ స్టార్టు చేసి, బాగా వేడెక్కనిచ్చి, ఇంజను నడుస్తుండగానే కొలిచారు. ఆయిలు పై గీతకి ఇంకా పైనే ఉంది.

"తమ్ముడూ, నువ్వు పోసింది నిజంగా లీటరేనా?"

"లీటరేనండీ. ఇప్పుడు తూచిన నా తక్కెడా అబద్ధం చెప్పదు. మీ చెయ్యి ఎంత వంచిందో మీరే చూసుకోండి."

"అంటే నాకు కొలవడం రాదంటావు."

"మీకు వచ్చిందల్లా పదిమందిలో ఎదుటివాడి కేకుని వెక్కిరించడం."

అదిగో, వచ్చేసింది. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నది కాస్తా బయట పడింది. గొంతులు పైకప్పుకి తగులుతున్నాయి. బేకరీవాడికి తను అరుస్తున్నానని తెలుస్తూనే ఉంది, ఆపడం మాత్రం చేతకావడం లేదు. అయిపోయింది, కారు పోయింది, ఈ మనిషి కూడా దూరమైపోయాడు అనుకున్నాడు.

కారు అద్దం కిందికి దిగింది.

"మూడో లీటరు నాది" అంది అత్తగారు.

ఇద్దరూ వంగి ఆవిడ మొహంలోకి చూశారు. ఆవిడ ఎదురుగా ఉన్న గోడనే చూస్తోంది. పైనుంచి గరాజులోకి దిగే మెట్ల మీంచి అంతా చూస్తూనే ఉందట. ఒకరు వచ్చి పుల్ల చూసి తల పట్టుకోవడం, ఇంకొకరు వచ్చి అలాగే చేయడం. పాపం ఇంకా చాలలేదేమో అనుకుందట. ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుని కొట్టుకి పోయి, అచ్చం ఇలాంటిదే ఇవ్వమని ఒక లీటరు డబ్బా తెచ్చి పోసిందట.

"ఎందుకండీ అత్తయ్యా?" అన్నాడు డాక్టరు.

"ఆయిలు తక్కువైతే మీరు పోట్లాడుకుంటారు. పోట్లాడుకుంటే నేను కారు పంపించెయ్యాలి. అన్న మాట వెనక్కి తీసుకోలేను కదా." "ఈ గరాజులో మనుషుల మాట వినబడి ఎన్నాళ్ళయిందో మీకేం తెలుసు. సాయంత్రం అవుతుందంటే మీకోసమే మెట్ల మీద కూర్చుంటున్నాను."

డాక్టరు మళ్ళీ సిరంజీ అందుకున్నాడు, బేకరీవాడు గిన్నె పట్టాడు. మూడో లీటరు తీశాక ఆయిలు పై గీత దగ్గరికి దిగింది.

బయల్దేరే ముందు ఆవిడ షరతు మార్చింది. ఇకమీదట గరాజులో ఎంత గట్టిగానైనా పోట్లాడుకోవచ్చు, ఒకరికొకరు చెప్పకుండా మాత్రం ఏమీ పోయకూడదు. సీట్లు రెండే కాబట్టి బేకరీవాడు ఇంటి దగ్గర ఆగి, నేల తుడుస్తూ, కారు చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు.

తిరిగొచ్చాక డాక్టరు తలుపు తీసుకుని సూటిగా అతని దగ్గరికే వచ్చాడు.

"బ్రేకు కీచుమంటోంది. నువ్వు తొక్కే తొక్కుడికే అలా అయింది."

"మీరు గేరు మార్చే పద్ధతికి ఇంకా చక్రాలు ఊడలేదు, సంతోషించండి" అన్నాడు బేకరీవాడు. మనసులో పొంగిపోయాడు.

ఇద్దరూ పోట్లాట అందుకున్నారు. అత్తగారు సీట్లోంచి లేచే ప్రయత్నమేదీ చేయకుండా, బాగా వినబడేలా రెండో అద్దం కూడా దించుకుంది.