మంచంతో పాటు ఇచ్చిన క్లిప్పు

అమలాపురం పళ్ల డాక్టరు సత్యశ్రీగారి దగ్గర నుంచి ఫోను వచ్చేసరికి మా ఆయన పోయి వారమైంది. "క్లిప్పు తయారైందండీ, రావుగారిని ఓసారి పంపించండి" అంది అక్కడి అమ్మాయి. నేనే వస్తానన్నాను.

మా ఆయన మాణిక్యాలరావుగారి గురక ఇంట్లో ఎవరికీ జబ్బుగా తోచలేదు. అంబాజీపేటలో లారీకి కొబ్బరికాయ ఎక్కిస్తుంటే ఆయన కుర్చీలోనే నిద్రపోయేవారు. "రావుగారి లారీ ముందే స్టార్టయిపోయిందండోయ్" అని కూలీలు నవ్వేవారు. మా అత్తగారు వీరాయమ్మకి అదో గర్వం. "నా కొడుకు పడుకున్నాడంటే వీధి చివరికి తెలియాలి" అనేవారు.

ఆయన పన్ను నొప్పని వెళ్తే, అరిగిపోయిన పళ్లు చూసి, "గురక వస్తుందాండీ? పగలు కునుకు పడుతుందా?" అని అడిగింది సత్యశ్రీగారే. ఆవిడ పంపితే కాకినాడలో పరీక్ష చేయించాం. నిద్రలో నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగిపోతోందన్నారు. ముక్కుకి తగిలించుకుని పడుకునే మిషను రాశారు.

"మనూళ్లో కరెంటుని నమ్ముకుని ఊపిరి పీల్చమంటారాండీ?" అన్నారాయన.

అందుకని సత్యశ్రీగారు పళ్లకి అచ్చు తీసుకున్నారు. రాత్రిళ్లు కింది దవడని కాస్త ముందుకు పట్టి ఉంచే క్లిప్పు చేయిస్తానన్నారు. అది వచ్చేదాకా బండి నడపవద్దన్నారు. "ఆయ్" అన్నారు ఈయన. మలికిపురం నుంచి వస్తూ బండి మీదే కునికి కాలవలో పడ్డారు.

నేను వెళ్లి ఆయన పోయిన విషయం చెప్పాను. సత్యశ్రీగారు లోపలికి వెళ్లి, ప్లాస్టరుతో చేసిన ఆయన దవడలు తెచ్చి, క్లిప్పు తొడిగి చూపించారు. కింది దవడ ముందుకొచ్చింది. నన్ను ఉడికించేటప్పుడు ఆయన మొహం అలాగే పెట్టేవారు. దవడలు, క్లిప్పు అన్నీ తెచ్చుకున్నాను.

పెద్దకర్మ నాడు వసారాలో కొత్త మంచం, పరుపు, తలగడ అమర్చారు. పోయినవారు అక్కడ సుఖంగా పడుకోవాలని ఇచ్చే దానం అది. అత్తగారు నా గదిలోకి వచ్చారు.

"పళ్లకి పెట్టుకునేదేదో తెచ్చేవంట. ఇలాగియ్యి, మంచంతో పాటు ఇచ్చేద్దాం."

"అది నా దగ్గర ఉంచుకుంటానండి."

"నీకెందుకే? నీ నోటికి పడుద్దా?"

క్లిప్పు ఉన్న డబ్బా ఆవిడే పట్టుకెళ్లారు. నేను వెనకాలే వెళ్లాను.

పంతులుగారు మూత తీసి చూశారు. "ఇదేంటమ్మా?"

"నిద్రలో పెట్టుకునేదండి" అన్నాను.

"ఇంకొకరికి పనికొస్తుందా?"

"రాదండి. ఆయన పళ్లకే చేశారు."

"అయితే దానానికి కుదరదమ్మా. పుచ్చుకున్నవాడు వాడుకోవాలి గదా. పైగా నాకు పళ్లే లేవాయె."

మరిది దొరబాబు నవ్వబోయి ఆగిపోయాడు. పంతులుగారు కుదరదనడమే నాకు కావలసింది. పంతులుగారి చేతిలోంచి డబ్బా తీసుకున్నాను.

"మరి అక్కడ వాడికి ఊపిరాడకపోతే ఎలాగండీ?" అన్నారు అత్తగారు. ఆ మాట పంతులుగారితోనే అన్నారు గాని, చూపు డబ్బా మీదే ఉంది. "గురకంటే మంచి నిద్రే అనుకున్నానండీ ఇన్నాళ్లూ."

నేను వంగి, తలగడ గలీబు విప్పి, క్లిప్పుని లోపలికంటా తోసి, మళ్లీ ముడివేశాను. పంతులుగారు చూశారు. చూసి, మంత్రం అందుకున్నారు.

మంచం రిక్షా మీద వెళ్లిపోయింది.

ప్లాస్టరు దవడలు నా బీరువాలో ఉన్నాయి. సెలవు అయ్యాక మళ్లీ పాఠాలు చెప్పడానికి స్కూలుకి వెళ్లిన రోజు పొద్దున్న, చీర తీసుకుంటూ చూశాను. ఒకదాని మీద ఒకటి పెట్టాను. క్లిప్పు లేదుగా, కింది దవడ వెనకనే ఉంది.