రెండో బటన్

మా ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌ని వెనకాల అందరం వేదాంతి అంటాం. మెషిన్ ఆగినా, కరెంటు పోయినా, ఎవరి వేలు తెగినా ఆయన దగ్గర సిద్ధంగా ఉండే మాట ఒక్కటే: కర్మ. ఈసారి ఆ మాటను ఆసుపత్రిలో మా బావ మంచం దాకా మోసుకొచ్చాడు. దాంతోపాటు ఒక కాగితం కూడా తెచ్చాడు.

బావ కుడిచేతికి మూడు వేళ్లు లేవు. రేకులు వంచే ప్రెస్ కింద పోయాయి. "నా అజాగ్రత్త వల్లే జరిగింది" అని కాగితంలో రాసి ఉంది. బావ సంతకం పెట్టడమే తరువాయి. పెడితే తప్పంతా ఆయనదే అవుతుంది, ఇక విచారణ ఉండదు.

"ఏ జన్మలో చేసుకున్నదో, ఇప్పటికి తీరిపోయింది. తేలికైపోయావనుకో," అన్నాడు వేదాంతి.

తేలికే మరి. మూడు వేళ్ల బరువు తగ్గింది.

నాకు ఒళ్లు మండింది మాత్రం బావని చూసి. "పోయిన జన్మలో ఎవరి చెయ్యి విరిచానో," అంటూ బుద్ధిగా తలూపి, ఎడమచేత్తో పెన్ను అందుకున్నాడు.

అంత దూరం పోనక్కర్లేదు. మొన్న సోమవారం దాకా పోతే చాలు. ఆ ప్రెస్‌కి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కిందికి దిగుతుంది. చేతులు బయట ఉండాలనే ఆ ఏర్పాటు. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే పని త్వరగా సాగుతుందని వేదాంతి రెండో బటన్‌ని టేపుతో నొక్కిపెట్టించాడు. ఆ టేపు చుట్టిన ఫిట్టర్ పోయిన జన్మవాడేమీ కాదు, నేనే.

"సంతకం పెట్టకు బావా. టేపు వేసింది నేను, వెయ్యమంది ఈయన. విచారణలోనూ ఇదే చెప్తా."

వేదాంతి నావైపు జాలిగా చూశాడు. "నీ ఉద్యోగం పోతుంది. అలా రాసిపెట్టి ఉంటే నేనేం చేస్తాను?"

"రాసేది మీరే కదండీ."

మూడు రోజులుగా పళ్లు నూరుతున్న కసి ఆ ఒక్క మాటతో తీరింది. నా తెలివికి నేనే మురిసిపోయి, మంచం పక్కనే ఉన్న అక్క వైపు చూశాను. ఆమె బావ చేతిలోంచి పెన్ను లాక్కుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడా మెషిన్ మీద ఎవరున్నారు?"

"కొత్తగా చేరినావిడ."

"టేపు తీశావా?"

వేదాంతి తీయించలేదు. నేనూ తియ్యలేదు. ఆయన్ని తిట్టుకోవడానికే మూడు రోజులూ చాల్లేదు నాకు.

"ఇంకా కూర్చున్నావేంరా?" అంది అక్క.