సున్నాలు అక్కవి, గీతలు నావి

ఎవరు చెప్పులు వేసుకుంటున్నా పెద్దావిడకు గుండె జారిపోయేది. భర్త, చెల్లెలు, కూతురు, అందరూ అలా గుమ్మం దాటి తిరిగి రానివాళ్ళే. ఇక మిగిలింది తోడికోడలు ఒక్కతే. ఇద్దరూ పాత బట్టలు సరిచేసే కుట్టు దుకాణం నడుపుతున్నారు. పెద్దావిడ సుద్దతో గీసి కత్తిరిస్తుంది, చిన్నావిడ మిషన్ మీద కుడుతుంది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు.

సాయంత్రం లైబ్రరీలో జరిగే ఇంగ్లీషు క్లాసుకూ కలిసే వెళ్ళేవారు. అక్కడ టీచరమ్మ పరీక్ష పెడతానంది. నెగ్గినవాళ్ళు పై తరగతికి, వేరే రోజుకి మారాలట. ఆ మాట విన్నప్పటినుంచి పెద్దావిడకు ముద్ద దిగలేదు.

"నువ్వు చురుకైనదానివి. నన్నొదిలేసి పోతావు."

"పై క్లాసుకే కదక్కా, పైలోకానికి కాదుగా!" అని చిన్నావిడ నవ్వేసింది.

పరీక్ష కాగితం నిండా ఇంగ్ అనే ఒకే తోక ఉన్న ఇంగ్లీషు మాటలు. పేరైతే సున్నా చుట్టాలి, పనైతే కింద గీత గీయాలి. చివర ఇంగ్ కనిపించగానే పని అనుకుంటే బోల్తా పడ్డట్టే. గోడ కడుతున్నారనే వాక్యంలో బిల్డింగ్ పని. పాతబడిందనే వాక్యంలో అదే బిల్డింగ్ పేరు. పెద్దావిడ చొక్కాకి చెయ్యి అతికేముందు పెట్టి చూసుకున్నట్టు, ఒక్కో మాటనూ వాక్యంలో పెట్టి చూసుకుని సున్నాలు చుట్టింది. అవతలి మూల కూర్చున్న తోడికోడలు తలెత్తడం లేదు. ఇంకేముంది, అది నెగ్గేస్తుంది అనుకుంది పెద్దావిడ.

కాగితాలు దిద్ది టీచరమ్మ ఇద్దరినీ పిలిచింది.

"పెద్దమ్మగారూ, సున్నాలన్నీ ఒప్పే. ఒక్క గీతైనా గీయలేదేం?"

"గీతలు దానివి కదమ్మా."

టీచరమ్మ చిన్నావిడ వైపు తిరిగింది. "మరి మీ కాగితంలో సున్నాల్లేవేంటండీ?"

"సున్నాలు అక్కవి," అంది చిన్నావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

దుకాణంలో పాఠం చదువుకున్నదీ అలాగే. పేర్లు పెద్దావిడ చూసుకునేది, పనులు చిన్నావిడ చూసుకునేది.

టీచరమ్మ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపం వెలుగుకి ఎత్తి చూసింది. సున్నాగానీ గీతగానీ లేని మాట ఒక్కటీ మిగల్లేదు. ఆమెకు నవ్వాగలేదు.

"కలిపి చూస్తే భేషుగ్గా ఉంది. కానీ విడివిడిగా ఇద్దరూ తప్పారు. ఇక్కడే ఉండి మిగతా సగం నేర్చుకోవాలి."

"ఇద్దరమూనా?"

"ఇద్దరూ."

"చల్లని మాట చెప్పావు తల్లీ!" అంటూ పెద్దావిడ గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

దారిలో చిన్నావిడ దెప్పింది. "పరీక్ష తప్పి ఇంత సంబరపడేదాన్ని నిన్నే చూశా. సరే, రేపట్నించి కత్తెర కూడా నాకిచ్చెయ్యి."

"కత్తెర జోలికొచ్చావంటే ఊరుకోను," అంది పెద్దావిడ, ఆమె చెయ్యి పట్టుకుని. "గీతలు మాత్రం నేర్పు. మెల్లిగానే నేర్పు, తొందరేం లేదు."