మావయ్యగారి చిలక, మా తమ్ముడి కెమెరా

నాకు కోపం ఎక్కువని పెడనలో అందరికీ తెలుసు. తెలిస్తే తెలియనివ్వండి. కానీ ఏడాదిన్నరగా మా మావయ్యగారితో ఒకే ఇంట్లో ఉండి, ఒక్క మాట కూడా తూలకుండా నెట్టుకొచ్చిన దాన్ని నేను. దానికెవరూ శాలువా కప్పరు!

మావయ్యగారి పేరు వెంకట్రామయ్య. కలంకారీ అచ్చులు చెక్కుతారు. చీర మీద కనిపించే పువ్వులూ, లతలూ, హంసలూ అన్నీ ముందు టేకు చెక్క మీద పుట్టాలి కదండీ, వాటిని పుట్టించేది ఆయన. ఆ అచ్చుల్ని రంగులో ముంచి బట్ట మీద అద్దేది నేను. ఆ బట్టలు మూటలు కట్టి గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా కొట్ల చుట్టూ తిరిగేది మా ఆయన రాజీవ్. ముగ్గురం కలిస్తే ఒక చీర.

అలాంటి మనిషికి కళ్లు దెబ్బతిన్నాయి. పూర్తిగా కాదు. నడుస్తారు, వీధిలో ఎవరొచ్చారో పోల్చుకుంటారు. సూటిగా చూసిన చోట మాత్రం మసక. ఉలి మొన ఎక్కడుందో కనిపించదు. బందరు తీసుకెళ్తే డాక్టరుగారు, "పోయిన చూపు రాదండీ, ఉన్నది కాపాడుకుందాం" అన్నారు. ఆయన ఇంటికొచ్చి ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటకెక్కించేశారు. ఏడాదిన్నర కిందట ఆ రోజు నుంచి మొదలు. కూరలో ఉప్పు ఎక్కువ, ఫ్యాన్ తిరగడం తక్కువ, పక్కింటి కోడి కూసే టైము తప్పు. చెక్కకి తగలాల్సిన ఉలి దెబ్బలన్నీ నాకు తగిలాయి.

ఇంతలో హైదరాబాదులో ఏదో డిజైన్ కాలేజీ నుంచి లహరి మేడం అని ఒకావిడ ఫోన్ చేసింది. శనివారం పదకొండు గంటలకి వాళ్ల పిల్లలకి వీడియోలో అచ్చు చెక్కడం చూపించాలట. కుదరదండీ అని చెప్పబోతున్నాను, మావయ్యగారు ఫోన్ లాక్కున్నారు.

"చూపిస్తానమ్మా" అనేశారు.

ఫోన్ పెట్టాక నేను గయ్యిమన్నాను. "ఎలా చెక్కుతారండీ? వేలు తెగితే ఎవరిది బాధ్యత?"

"ఈ ఒక్కసారి చూస్తానమ్మాయ్. కుదరకపోతే ఆ ఉలులు పనికొచ్చే వాడెవడికైనా ఇచ్చెయ్యి. ఇంక చెక్కుతానని అడగను" అన్నారు. ఆ మాట అని అటక వంక చూశారు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు. అప్పటికప్పుడు గుడివాడలో కంప్యూటర్లు బాగుచేసే మా తమ్ముడు భార్గవ్‌కి ఫోన్ కొట్టాను.

వాడు గురువారం పొద్దున్న బస్సు దిగాడు. చంకలో పాత లాప్‌టాప్, జేబులో తీగ ఉన్న చిన్న కెమెరా. లాప్‌టాప్‌కి ఉన్న కెమెరా మొహానికి, ఈ తీగ కెమెరా పనికి అని చెప్పాడు. మొదట మొహం కెమెరా పెట్టాడు. తెర మీద మావయ్యగారు ప్రత్యక్షమయ్యారు.

"ఎవర్రా ఈ ముసలాయన?" అన్నారు. "మీరేనండీ" అన్నాడు వాడు. "ఛ, నేనింత నెరిసిపోయానా?" అని లోపలికెళ్లి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మళ్లీ కూర్చున్నారు.

తర్వాత భార్గవ్ తీగ కెమెరాని టేబుల్ లైటు మెడకి కట్టాడు, కిందకి చూసేటట్టు. దాని కింద చెక్క ముక్క పెట్టి, తెర మీద బొమ్మని పెద్దది చేశాడు. అగ్గిపెట్టంత చెక్క అన్నం పళ్లెమంత అయింది.

మావయ్యగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. తెర దగ్గరికి వంగారు. తర్వాత ఒక్క కేక పెట్టారు. "చారలు! అమ్మాయ్, టేకు చారలు! ఇదిగో, ఇక్కడ చీమ పోతోంది చూడు!"

ఇంక ఆ రోజు మా ఇల్లు ఇల్లు కాదు, తిరనాళ్లు. కనిపించినదల్లా తెచ్చి కెమెరా కింద పెట్టమంటారు. బియ్యపు గింజ పెట్టాను, నువ్వుగింజ పెట్టాను. నా ఉంగరం పెడితే అందులో మట్టి ఉందని దెప్పారు. తన వేళ్లు తనే పెట్టుకుని, "ఈ మచ్చ నేను పని నేర్చుకునేటప్పటిది, ఇది నీ పెళ్లి చీరకి అచ్చు చెక్కినప్పటిది" అని లెక్కపెట్టుకుంటూ పసిపిల్లాడిలా నవ్వారు. గిలకలదిండి నుంచి చేపల తట్టతో వచ్చే ఎల్లమ్మ ఆ గోలకి లోపలికొచ్చింది. ఆవిడ తట్టలోంచి రొయ్యని తీసి పెట్టారు. తెర మీద రొయ్య మీసాలు మోకుల్లా లేచాయి. ఎల్లమ్మ ఒక్కడుగు వెనక్కేసింది.

"అమ్మ బాబోయ్! ఇన్నాళ్లూ నేనమ్మేది దీన్నేనా అండీ?" అంది. మావయ్యగారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు విని ఏడాదిన్నర అయింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా, వంటింట్లోకి వెళ్లి.

శుక్రవారం ఉలులు అటక దిగాయి. చెక్కాల్సింది చిలక. అది తోక పైకెత్తుకుని కూర్చునే చిలక. దానికి రెండు అచ్చులు కావాలి. ఒకటి నల్ల గీతల అచ్చు, దాంతో ఆకారం పడుతుంది. రెండోది ఎర్ర రంగు అచ్చు, ముక్కుకీ మెడలో పట్టీకీ. గీతల అచ్చు ఆయన పాతికేళ్ల కిందట చెక్కింది, ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఎర్ర అచ్చుని చెదలు తినేశాయి. కొత్తది చెయ్యాలి.

మా పనిలో ముందు తెలుసుకోవాల్సింది ఒకటే. చెక్క మీద ఎటుంటే బట్ట మీద దానికి ఎదురుగా పడుతుంది. మా చిలక బట్ట మీద ఎడమకి చూస్తుంది, కాబట్టి చెక్క మీద కుడికి చూడాలి. ఇది మా వీధిలో ఊయల్లో పిల్లకి కూడా తెలుసు.

"గీతల అచ్చు కాగితం మీద అద్ది, అది చెక్కకి బోర్లా అంటించుకుని చెక్కండి, తేలిక" అన్నాను.

"కాగితాలు నేర్చుకునే వాళ్లకి. ఆ చిలక నా బుర్రలో ఉంది" అన్నారు. తెరలో చూసుకుంటూ, ముక్కు కుడి వైపున పెట్టి పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు. ఉలి పట్టారు.

"ఒరేయ్ భార్గవా, నా చెయ్యి ఇటంటే తెరలో అటు పోతోందేమిట్రా?"

మావాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా, "మొదట్లో అలాగే ఉంటుందండీ, అలవాటైపోతుంది" అన్నాడు.

"పోనీలే, యాభై ఏళ్లుగా అన్నీ తిరగేసి చెక్కిన వాణ్ణి. నాకిదో లెక్కా!" అన్నారు మావయ్యగారు. నిజంగానే అరగంటలో చెయ్యి కుదిరింది. సాయంత్రానికి సగం పని అయింది. మేం ముగ్గురం తెరకి కళ్లప్పగించి కూర్చున్నాం. ముక్కు వంపు తేలుతుంటే నేను చప్పట్లు కొట్టాను. అసలు చెక్క వంక మాత్రం ఒక్కళ్లం చూస్తే ఒట్టు.

శనివారం పదకొండయింది. తెర పైన వరసగా పాతిక మొహాలు, మధ్యలో లహరి మేడం. "నమస్కారం సార్" అన్నారందరూ. ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా కీచుమని ఒకటే మోత. భార్గవ్ తన ఫోన్‌లోంచి కూడా అదే మీటింగ్‌లో దూరాడట. ఇక్కడి మాట అక్కడా, అక్కడి మాట ఇక్కడా తిరిగి కూస్తోంది. వాడు కంగారుగా ఫోన్ కట్టేసి, లాప్‌టాప్ సౌండు కూడా మొత్తం తగ్గించేశాడు. కీచు ఆగింది. తగ్గించిన సౌండు మళ్లీ పెంచాలని ఆ మహానుభావుడికి గుర్తులేదు.

నేను మా పాత చీర కొంగు చూపించి, ఇదీ చిలక, ఎడమకి చూస్తోంది, ఇప్పుడు దీనికి ఎర్ర రంగు అచ్చు చేస్తున్నాం అని చెప్పాను. మావయ్యగారు పని అందుకున్నారు. టక్కు టక్కుమని ఉలి మీద చిన్న సుత్తి. చెక్కపొట్టు సన్నగా లేస్తోంది. మధ్యమధ్య నోటితో ఊదుతున్నారు. ఆయన వెన్ను అంత నిటారుగా ఉండి ఎన్నాళ్లయిందో.

కాసేపటికి పైన ఒక పిల్ల చెయ్యెత్తింది. తర్వాత ఇంకో అబ్బాయి. చూస్తుండగా పాతిక చేతులు లేచాయి.

"ఎందుకమ్మాయ్ చేతులెత్తుతున్నారు?"

"మెచ్చుకుంటున్నారండీ" అన్నాను, నా మొహం వెలిగిపోతూ.

ఆయన ఉలి పక్కనపెట్టి చెయ్యెత్తి అందర్నీ దీవించారు. పిల్లలు అరచేతులు అటూ ఇటూ తిప్పి చూపించడం మొదలుపెట్టారు. నోళ్లు బార్లా తెరుస్తున్నారు. ఒకడు కుర్చీలోంచి లేచి వీపు చూపించాడు. లహరి మేడం రెండు చేతులూ ఊపేస్తోంది.

"ఎంత ముచ్చటపడుతున్నారో చూశారా!" అన్నాను. నేనూ చెయ్యి తిప్పి చూపించాను. భార్గవ్ బొటనవేలెత్తాడు. మావయ్యగారికి హుషారు ఎక్కువై ఇంకా వేగంగా చెక్కేశారు.

అచ్చు పూర్తయింది. అనుకున్న పని అనుకున్నట్టు కుదిరింది. నల్ల గీతల చిలకని బట్ట మీద ముందే అద్ది ఉంచాను. కొత్త అచ్చుని ఎర్ర రంగులో ముంచి, మూలలు సరిచూసుకుని, పెట్టి, అరచేత్తో ఒక్కటి చరిచాను. ఎత్తాను.

ఓరి నాయనో!

ముక్కు ఉండాల్సిన చోట ఖాళీ. ఎర్రటి ముక్కు తోక చివర పడింది. మెడ బోడిగా ఉంది. మెడలో పట్టీ వెళ్లి నడుముకి వడ్డాణమైంది. ఎటు నుంచి తింటుందో, ఎటు నుంచి ఎగురుతుందో ఆ చిలకకే తెలియాలి.

 ఆయనకి కనిపించకముందే తీసేద్దామని బట్ట అంచు పట్టుకుని లాగబోయాను.

"ఉండు" అన్నారు మావయ్యగారు. "కెమెరా కింద పెట్టు."

"రంగు ఆరలేదండీ, తర్వాత చూద్దురుగాని..."

"పెట్టవే!"

పెట్టాను. తెర నిండా చిలక. ఆయన వంగారు. ముక్కు ఉండాల్సిన చోటు మీద వేలు పెట్టారు. నెమ్మదిగా మెడ, నడుము, తోక.  అయిపోయింది, మనిషి ఇంక లేవడు అనుకున్నాను. ఆ ఉలుల మూట నా చేత్తో ఎవరికివ్వాలో అని అప్పుడే బెంగపెట్టుకున్నాను.

"ముక్కు తోకకి పడింది" అన్నారాయన.

నేను బట్ట అంచు ఇంకా వదల్లేదు.

"తిరగబడింది. మొత్తం తిరగబడింది. వడ్డాణం చూడు, ఎంత శుభ్రంగా పడిందో!" అని ఒక్కసారిగా పకపకా నవ్వారు. భుజాలు ఎగిరిపడేలా నవ్వారు. ఏమీ అర్థంకాక భార్గవ్ వంక గుడ్లురిమాను. వాడికప్పుడు గుర్తొచ్చింది, పోయి సౌండు పెంచాడు.

పాతిక గొంతులు ఒక్కసారి ఇంట్లోకి దూకాయి. "సార్, రివర్స్ సార్! ఎడమకి చూస్తోంది సార్!" లహరి మేడం గొంతు బొంగురుపోయింది. "నలభై నిమిషాల నుంచి అరుస్తున్నాం అండీ! చెక్క మీద కుడికి ఉండాలి కదా అని!"

అప్పుడు వెలిగింది మావాడికి. మన బొమ్మ మన తెరలో అద్దంలోలా తిరగబడి కనిపిస్తుందట. అవతలి వాళ్లకి మాత్రం ఉన్నదున్నట్టే వెళ్తుందట. చెక్క మీద ఎడమకి ఉన్న చిలక మాకు కుడికి కనిపించింది. "ఆ సంగతి ఇప్పుడా చెప్పేది, తలకుమాసిన వెధవా!" అని పాతికమంది ముందూ వాడి వీపు మీద ఒక్కటిచ్చాను. క్లాసంతా ఘొల్లుమంది.

"వాణ్ణేమీ అనకు" అన్నారు మావయ్యగారు, నవ్వి నవ్వి రొప్పుతూ. "మాధవీ, ముక్కు తోకకి పడిందని నువ్వు చెప్పావా నాకు?"

"లేదండీ."

"వీడు?"

"వాడి మొహం, వాడేం చెప్పాడు!"

"పిల్లల మాట నాకు వినపడనే లేదు. ఎవరూ చెప్పకుండా నేనే పట్టుకున్నాను." గొంతు తగ్గింది. "ఏడాదిన్నర నుంచి నేను చేసింది బాగుందో చెడిందో ఒకరు చెప్తేగానీ తెలిసేది కాదు. ఇవాళ నా తప్పు నా కళ్లతో నేను చూసుకున్నానే!"

నాకు ఏడుపాగలేదు. చెయ్యి ఎరుపని మర్చిపోయి కళ్లు తుడిచేసుకున్నాను. మొహమంతా ఎర్రగా అయితే పిల్లలు మళ్లీ నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

మావయ్యగారు చొక్కా చేతులు పైకి మడిచారు. "పిల్లలూ, భోజనాలు చేసి రండి. రెండింటికి మళ్లీ మొదలుపెడదాం. అమ్మాయ్, ఇంకో చెక్క తే."