అతినీలలోహిత మడి

"దీపం కింద నిలబడ్డావుటే అరుంధతీ?" అని అత్తయ్య రోజూ అడుగుతుంది. నిలబడ్డానంటేనే వంటింట్లోకి రానిస్తుంది.

యూనివర్సిటీలో నా పరిశోధన వైరస్‌ల మీద. అతినీలలోహిత కాంతి కింద పెడితే అవి ఎంతసేపటికి చస్తాయో చూస్తుంటాను. ఆ క్రిములు నా ఒంటికి అంటుకుని ఇంటికొస్తాయని అత్తయ్య భయపడితే, ఫిజిక్సు చెప్పే మావారు తన డిపార్ట్‌మెంటులో మూలపడిన దీపమొకటి తెచ్చి, తార్నాకలోని మా ఇంటి పెరట్లో స్నానాలగది గోడకి బిగించారు. అది క్రిములతోపాటు నా చర్మాన్నీ కాలుస్తుందని చెప్పాను. "కళ్లు మూసుకో. కాసేపటికి కరిగిపోవులే" అన్నారు. మెడ మీద చర్మం పొరలుగా లేస్తోంది. కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. అంట్లు తోమే పోచమ్మ ఒక్కతే ఆగి చూసింది. "ఏందమ్మా, కండ్లు గిట్ల ఎర్రగయినయి? బోరింగ్ నేను కొడత, జర కడుక్కో."

బయట చేరిన మూడు రోజులూ మాత్రం నాకు ఆ దీపంతో పనిలేదు. వెనక వసారాలో చాప, చెంబు, దూరం నుంచి జారవిడిచే అన్నం. కాలేజీ రోజుల్లో ఈ ఆచారాన్ని ఎంత తిట్టుకున్నానో. నన్నెవరూ పిలవని రోజులు నెలలో అవేనని పెళ్లయ్యాక తెలిసింది. ల్యాబు నుంచి రాగానే ఆ చాప మీద కూర్చునే థీసిస్ ఇంతదాకా రాశాను. దూరంగా పెట్టే కాఫీలో అత్తయ్య పంచదార ఓ చెంచా ఎక్కువే వేస్తుంది, పాపం.

ఇంక చివరి అధ్యాయమే మిగిలింది. ఈ అరవై ఎనిమిదో సంవత్సరం దాటితే యూనివర్సిటీలో నా సీటు పోతుంది. మొన్న నేను చాప పరుచుకుంటుంటే మావారు వచ్చారు.

"అమ్మా, ఇంక ఇదీ అక్కర్లేదు. వైరస్సే చచ్చే దీపానికి మైల ఒక లెక్కా? అరుంధతి కాస్సేపు నిలబడొచ్చి వంట చేస్తుంది."

నాకేదో వరమిచ్చినట్టే అన్నారు. ఆ మూడు రోజులూ వంట అత్తయ్య మీద పడుతుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

"పోతుందంటావా నాన్నా?" అంది అత్తయ్య ఆశగా. నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. నీ చదువు అదేగా."

మైలనేది అసలు లేదని చెప్పాలి. నేను చదివిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ ఆ మాటంటే ఇప్పుడే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాలి. ఈ నెలే కాదు, ప్రతి నెలా.

"పోదత్తయ్యా. దీపం క్రిముల్నే చంపుతుంది. మైల దానికి లొంగదు."

మావారు నవ్వారు. "ఎమ్మెస్సీ చదివినా ఆడది ఆడదే."

అత్తయ్య గోడ పట్టుకుని మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి ఆవిడ మూలుగు వసారాలోకి వినిపించింది. అది వింటూనే నేను రాయడం మొదలుపెట్టాను.